పదిహేడో నంబరు అడుగులు

సాయంత్రం అయిదు కొట్టగానే త్రినాథరావు కాళ్ళు లేచాయి. త్రినాథరావు మాత్రం ఇంకా కుర్చీలోనే ఉన్నాడు. చేతిలో టీ గ్లాసు సగం కూడా కాలేదు.

"వేణీ, గ్లాసందుకోవే. ఇవి బయలుదేరిపోతన్నాయి."

సత్యవేణి వంటింట్లోంచి వచ్చి గ్లాసు అందుకునే లోపే కాళ్ళు ఆయన్ని గుమ్మం దాటించేశాయి. ఆమె చెప్పులు పట్టుకుని వీధిలోకి పరుగెత్తి, ఆయనకంటే నాలుగడుగులు ముందుకెళ్ళి వాటిని దారిలో పడేసింది. ఎడమకాలు చెప్పులో దూరింది. కుడికాలు దాటుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ పరుగెత్తి మళ్ళీ పడేసింది. ఇన్నీసుపేటలోని ఆ వీధికి ఈ తతంగం అలవాటైపోయి, అరుగుల మీది వాళ్ళు నవ్వడం కూడా మానేశారు.

రెండు నెలల కిందట ఇదే వీధి మొత్తం వచ్చి త్రినాథరావు నడుస్తుంటే చూసి, కళ్ళు తుడుచుకుని, అరటిపళ్ళు చేతిలో పెట్టి వెళ్ళింది. రెండేళ్ళు మంచానికి అతుక్కుపోయిన మనిషి లేచి నడిస్తే ఎవరికి మాత్రం ముచ్చట కాదు? ఇప్పుడు ఆ వీధే, ఈయన ఎప్పుడు ఆగుతాడురా భగవంతుడా అని చూస్తోంది.

సత్యవేణి ఇంట్లోకొచ్చి ఫోను తీసింది. ఆయన నడుముకున్న పట్టీ లెక్కపెట్టే అడుగులు ఎప్పటికప్పుడు ఆమె ఫోనులో కనబడతాయి. నాలుగు వందల పన్నెండు. చూస్తుండగానే నాలుగు వందల నలభై. నిన్న పద్దెనిమిది వేలు దాటాయి. మొన్న పదహారు. ఈ రెండు నెలల్లో మనిషి తొమ్మిది కిలోలు తగ్గాడు. మడమలు పగిలి, కట్టుకట్టిన గుడ్డ రోజూ ఎర్రబడుతోంది. గుండె చూసిన డాక్టరు స్టెతస్కోపు మెడలో వేసుకుంటూ, ఇలా ఇంకో నెల నడిస్తే నేను చెప్పేదేమీ ఉండదమ్మా అన్నాడు.

ఊళ్ళో జనం పదివేలు పూర్తి కావడంలేదని దిగులుపడుతుంటే, ఈమె దిగులు అవి ఆగడంలేదని.

త్రినాథరావు కరెంటు లైన్‌మన్. గాలివానలో స్తంభం మీంచి పడ్డాడు. నడుము కింద కదలిక రాదని తేల్చేశారు. సత్యవేణి పాలిటెక్నిక్ చదివింది, డాక్టర్ పేర్రాజు గారి నడక పరిశోధన కేంద్రంలో సాంకేతిక సహాయకురాలు. కాళ్ళు పడిపోయిన వాళ్ళని నడిపించే పట్టీలు అక్కడ తయారవుతాయి. వాటిలో సగం తీగలు ఆమె చేత్తో అతికినవే. పగలంతా ఊళ్ళోవాళ్ళ కాళ్ళకోసం పనిచేసి, ఇంటికొచ్చి మొగుడి కాళ్ళకి నూనె రాసేది. అందుకే తొలి రోగిగా ఎవరుండాలన్న ప్రశ్న వచ్చినప్పుడు ఆమె ఎవరినీ అడగలేదు. కాగితంమీద ఆయన పేరు రాసేసింది.

యంత్రం చూడటానికి ఏమంత గొప్పగా ఉండదు. నడుముకొక పట్టీ, పిక్కలకి రెండు. ఆరోగ్యంగా ఉన్న మనిషి కట్టుకుని నడిస్తే అది అతని అడుగుల్ని దాచుకుంటుంది. పడిపోయిన మనిషికి కడితే ఆ అడుగుల్ని కాళ్ళకి వినిపిస్తుంది. మొదట్లో ట్రెడ్‌మిల్ మీద సత్యవేణే నడిచి తన అడుగులు ఇచ్చింది. అవి పెడితే త్రినాథరావు కాళ్ళు రెండుసార్లు తోలుబొమ్మ కాళ్ళలా ఎగిరి, కూలబడ్డాయి. అప్పుడు పేర్రాజు గారు గడ్డం గోక్కుని, "అడుగు పిక్కలో పుట్టదమ్మా. ఎక్కడికో పోదాం అన్న తలపులో పుడుతుంది. ట్రెడ్‌మిల్ మీద మనిషి ఎక్కడికీ పోడు కదా," అన్నారు. ఆరు నెలలు పట్టింది, వెన్నులోంచి దిగే ఆ తలపుని కూడా పట్టీ పట్టుకునేలా చేయడానికి.

తలపుతో నడిచే వాళ్ళు కావాలంటే ఇంకెక్కడికో వెళ్ళనక్కర్లేదు. గోదావరి గట్టుమీద వాకర్స్ క్లబ్బు ఉండనే ఉంది. క్లబ్బు అధ్యక్షుడికి సంగతి చెప్పీ చెప్పకముందే షామియానా లేచింది. రక్తదానంలా అడుగుల దానం అన్నారు. మైకు, మజ్జిగ, ధ్రువపత్రాలు. నలభై మంది పొద్దుటే పట్టీలు కట్టుకుని, సాయంత్రందాకా ఎవరి నడక వాళ్ళు నడిచొచ్చారు. ఎత్తు, బరువు, షుగరు, చెప్పుల సైజు అన్నీ ఫారం మీద రాసుకున్నారు. పేర్లు మాత్రం గోప్యం. ఒక్కొక్కరికి ఒక్కో నంబరు.

ఆ అడుగులు ఒక్కొక్కటీ త్రినాథరావు కాళ్ళకి పెట్టి చూశారు. నాలుగో నంబరు కాళ్ళు బాగానే లేచాయిగాని, కేంద్రం ఎదురుగా ఉన్న ఇడ్లీ బండి దగ్గరికెళ్ళి అక్కడే నిలబడ్డాయి. ఇరవైరెండో నంబరువి పది అడుగులకోసారి ఆగి, ఎవరితోనో వాదించే మనిషిలా ఒంటికాలిమీద బరువు మార్చుకునేవి. పదిహేడో నంబరు పెట్టగానే తెరమీద గీత పైకి లేచి, తెర దాటిపోయింది. త్రినాథరావు మంచం అంచు పట్టుకుని లేచి, నిలబడి, ఎవరి చెయ్యీ పట్టకుండా గది ఆ చివరిదాకా నడిచాడు.

"ఈయనెవరోగాని నడవటానికే పుట్టాడమ్మా," అన్నారు పేర్రాజు గారు. ఆ రోజు సత్యవేణి అక్కడే నేలమీద కూర్చుని ఏడ్చింది. ఇప్పుడు ఆ ఏడుపు తలుచుకుంటే ఆమెకి తనమీదే కోపం వస్తోంది.

ఏడున్నరకి స్కూటర్ తీసి బయలుదేరింది. ఫోనులో అడుగులతోపాటు ఆయన ఉన్న చోటు కూడా తెలుస్తుంది కాబట్టి వెతకడం కష్టం కాదు. తీసుకురావడమే కష్టం. త్రినాథరావు కాళ్ళు వెళ్ళడమేగాని ఒక్కనాడూ ఇంటివైపు తిరగలేదు. రోజూ ఎక్కడో ఒకచోట ఆయన్ని పట్టుకుని, పట్టీ మీట నొక్కి, స్కూటర్ వెనక కూర్చోబెట్టుకుని, తువ్వాలుతో తన నడుముకి కట్టుకుని తీసుకురావాలి. మీట నొక్కితే బలం పోతుంది అంతే; ఇంట్లో ఉండగా ఆయన దాన్ని నొక్కనివ్వడు. పిక్కలు మాత్రం స్కూటర్ మీద కూడా నడుస్తూనే ఉంటాయి. నరం పాఠం నేర్చేసుకుంది, ఇక పట్టీ తీసినా మర్చిపోదు అన్నారు పేర్రాజు గారు. అది విజయంగానే చెప్పారు.

ఆ సాయంత్రం ఆయన బస్ స్టాండు దగ్గర్లో ఉన్న ఆడపిల్లల హాస్టల్ ఎదురుగా దొరికాడు. ఇద్దరు మనుషులు కాలరు పట్టుకుని ఉన్నారు.

"వారం రోజుల్నుంచి చూత్తన్నామండి. గేటుకాడ నిలబడి లోపలికెళ్ళే పిల్లల మొహాల్లోకి తొంగి చూత్తన్నాడు. సిగ్గు లేదా ఈ వయసులో?" అన్నాడొకడు.

"మా ఆయనండి. కాళ్ళు ఆయన వశంలో ఉండవండి," అంది సత్యవేణి. చెప్పిన తరవాత అది ఎలా వినబడుతుందో అర్థమై మొహం మండిపోయింది. పట్టీలు చూపించి, కేంద్రం కాగితం చూపించి, చేతులు జోడించి విడిపించుకుంది.

ఆయన్ని ఇంటికి తెచ్చి మంచంమీద పడుకోబెట్టి మడమల కట్టు విప్పుతుంటే అప్పుడన్నాడు.

"బస్సు వత్తే ఆగుతాయే. దిగినోళ్ళందరూ దిగేదాకా కదలవు. కాలేజీ గేటు దగ్గర ఆగుతాయి. పచ్చ చున్నీ కనబడితే గుండె ఆగినట్టయ్యి ఎనకాల పరుగెడతాయి. మొహం చూశాక నీరసంగా పక్కకి తిరుగుతాయి. నా కాళ్ళు ఎవరినో వెతుకుతున్నాయే వేణీ."

సత్యవేణి మడమ మీది నెత్తురు తుడిచింది.

"తీసేయించేద్దామండీ," అంది. "పట్టీలు విప్పేసి, నరానికి ఇంజెక్షను ఇచ్చి మొద్దుబారిస్తే ఈ కదలడం ఆగుతుందంట."

"తరవాత?"

తరవాత ఏముంది, మళ్ళీ లేవడు. మొద్దుబారిన నరం రెండోసారి నేర్చుకోదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"రెండేళ్ళు ఈ పైకప్పు చూశానే. రేకుకి ఎన్ని మేకులున్నాయో చెప్పమంటే చెబుతాను," అన్నాడు త్రినాథరావు. "చత్తే నడుత్తూ చత్తాను. మళ్ళీ నన్ను పడుకోమనకు." అంటూనే ఉన్నాడు, దుప్పటికింద పిక్కలు నడుస్తూనే ఉన్నాయి.

మర్నాడు పొద్దున్న సత్యవేణి కేంద్రానికి వెళ్ళి నలభై మంది నడకలూ తెరమీద పరిచింది. తలపు గీతలు అవి. ముప్పైతొమ్మిది గీతలు ఒకే తీరు. మెల్లగా పైకి లేచి, కాసేపు నిలబడి, సగం దూరం దాటాక కిందికి వాలుతాయి. ఇంటి గుమ్మం దగ్గరికొచ్చేసరికి హాయిగా నేలకి ఆనుతాయి. పదిహేడోది లేచింది, లేచింది, పైనే ఉండిపోయింది. అక్కడే కత్తిరించినట్టు ఆగిపోయింది. వాలు అన్నదే లేదు.

శిబిరం రోజున ఆ కత్తిరింపు ఆమె చూసింది. బ్యాటరీ అయిపోయి ఉంటుందని తనే కాగితంమీద రాసింది కూడా.

పేర్రాజు గారు కళ్ళజోడు పైకి తోసుకుని చూశారు. ఆయన చెడ్డవాడు కాదు. నలభై ఏళ్ళు ఊళ్ళో కాళ్ళు పడిపోయిన వాళ్ళని చూసీ చూసీ తొందర పుట్టిన మనిషి.

"సోమవారం పన్నెండు మందికి ఈ పదిహేడే పెడుతున్నాం సత్యవేణీ. ఇంకెవరి అడుగులూ పనిచెయ్యటం లేదు. కాళ్ళు నడుస్తున్నాయి కదమ్మా, అంతకంటే ఏం కావాలి?"

"ఆగటం కూడా కావాలండి."

"ఆ మనిషి ఇంటికి నడిచిన అడుగులు దొరికితే అవి కూడా నేర్పించొచ్చు. దొరకవు. ఎవరో ఏమిటో చెప్పకూడదని మనమే సంతకాలు పెట్టాం."

పదిహేడో నంబరు ఎవరో ఫారంలో లేదుగాని అడుగుల లెక్క ఉంది. ఆ రోజు ఇరవైనాలుగు వేల ఆరువందల పన్నెండు. ఆ అంకె ఎక్కడో చూసినట్టుందని దారంతా ఆలోచిస్తూ గట్టుమీదికి వెళ్ళిన సత్యవేణికి క్లబ్బు బోర్డు ఎదురుగానే కనబడింది. ఈ ఏటి మేటి నడక వీరుడు, దానశిబిరంలో అత్యధికంగా ఇరవైనాలుగు వేల ఆరువందల పన్నెండు అడుగులు. పక్కన ఫొటో. భుజాన శాలువా, చేతిలో కప్పు, అరవై ఏళ్ళకి దగ్గర పడ్డ బక్కపలచటి మనిషి. క్లబ్బంతా చప్పట్లు కొడుతుంటే ఆయన ఫొటోలో మాత్రం పక్కకి చూస్తున్నాడు, జనంలో ఎవరో ఉన్నట్టు.

పేరు మార్కండేయులు. కోటగుమ్మం దగ్గర పుస్తకాల బైండింగు షాపు. సాయంత్రం అయిదింటికల్లా షాపు మూసి నడకకి వచ్చేస్తాడట. వానొచ్చినా, వరదొచ్చినా. ఆయన్ని చూసి మేము సిగ్గు తెచ్చుకోవాలమ్మా అన్నాడు అధ్యక్షుడు. అంత నడక ఎందుకు నడుస్తాడని సత్యవేణి అడిగితే ఆయనకి ప్రశ్నే అర్థం కాలేదు. "ఆరోగ్యానికి కదమ్మా," అన్నాడు.

ఆ ఒక్క సాయంత్రానికీ త్రినాథరావుని ఒప్పించి మీట నొక్కి, పక్కింటి వాళ్ళకి అప్పజెప్పి, గట్టుమీద మార్కండేయులుని పట్టుకుంది. పట్టుకోవడమంటే ఆపడం కాదు. ఆయన ఆగడు కాబట్టి ఆమే పక్కన నడిచింది. కేంద్రం నుంచి వచ్చానని చెప్పింది.

"ఆయ్, చెప్పండమ్మా. నా అడుగులు ఎవరికన్నా పనికొచ్చాయా?"

"మా ఆయనకేనండి."

"శుభమేనమ్మా." ఎదురుగా వస్తున్న ఒక అమ్మాయి మొహంలోకి చూసి, చూపు తిప్పుకున్నాడు. సత్యవేణి ఆ చూపుని గుర్తుపట్టింది. ఆ చూపూ, ఆ నీరసంగా పక్కకి తిరగడమూ రెండు నెలలుగా ఆమె ఇంట్లోనే ఉన్నాయి.

"మీరు వెతుకుతున్న అమ్మాయి ఎవరండీ?" అని అడిగేసింది.

ఆయన నడుస్తూనే జేబులోంచి ఒక చిన్న యంత్రం తీశాడు. పాతకాలపు అడుగుల మీటరు, గాజు బీటలువారింది.

"ఇది హైమ కొన్నదమ్మా. ట్యూషన్లు చెప్పి మొదటిసారి సంపాదించిన దాంతో. నాన్నా నీకు షుగరు, రోజూ పదివేలు నడవాల్సిందే అని నా నడుముకి తనే పెట్టింది. అప్పుడు నేను మూడువేలు కూడా నడిచేవోణ్ణి కాదు." గట్టు మెట్లు దిగుతున్న వాళ్ళని చూస్తూనే చెబుతున్నాడు. "పరీక్ష పోయిందని చెయ్యి చేసుకున్నానమ్మా. పెద్దగా ఏం కాదు, ఒక్క దెబ్బ. పందొమ్మిదేళ్ళ పిల్లని. ఏడవలేదు. కాసేపు నడిచొత్తాను నాన్నా అని చెప్పులేసుకుంది. పచ్చ చున్నీ. నాలుగేళ్ళయింది."

"పోలీసులూ..."

"అందరూ చూశారమ్మా. నదిలో కూడా ఎతికారు. ఎక్కడా ఏమీ లేదు. నడిచొత్తానంది కదా. ఎదురెళ్ళకపోతే ఎలా?"

సత్యవేణి తన సంగతి చెప్పింది. త్రినాథరావు మడమలు, తగ్గిన బరువు, హాస్టల్ గేటు, కాలరు పట్టుకున్న చేతులు. ఆయన మొదటిసారి నడక నెమ్మదించాడు.

"అంటే నా వెతుకులాట ఆయన కాళ్ళకి అంటించానా? అయ్యో తల్లీ. ఎవరో ఒకాయన లేచి నడుత్తాడన్నారని ఇచ్చానుగాని..."

"మీరు ఇంటికి నడిచే అడుగులు ఒక్కసారి ఇవ్వండి చాలండి. మా ఆయన తిరిగొస్తారు. ఆ రోజు పట్టీలు దారిలోనే ఎందుకు విప్పేశారండి?"

"పట్టీ విప్పేసి ఆటో ఎక్కానమ్మా. రోజూ ఆటోలోనే వెళతాను."

"నడిచి ఎందుకు వెళ్ళరు?"

మార్కండేయులు పాత రైలు వంతెన కిందికి వచ్చేశాడు. అక్కడ ఆటోలు ఆగి ఉన్నాయి. "నడిచి ఇంటివైపు తిరిగితే, ఇయ్యాల్టికి ఇక చాలు అనుకున్నట్టే కదమ్మా. నా కూతురికి ఇక చాలు అని నేనెలా అనుకునేది? ఆటోలో అయితే నేను తిరగలేదు, ఆటోవోడు తీసుకెళ్ళాడు." ఒక కాలు ఆటోలో పెట్టి, ఆమెవైపు చూడకుండా అన్నాడు. "ఇంకేమడిగినా చేత్తానమ్మా. ఆ ఒక్కటీ నా చేత చేయించకు."

సత్యవేణి గట్టుమీదే కూర్చుండిపోయింది. కోపం ఎవరిమీద పడాలో తెలియని కోపం. ఆ మనిషిమీద పడదామంటే మనసొప్పలేదు. నలభై మంది చెప్పుల సైజు రాసుకున్న తన ఫారం గుర్తొచ్చింది. ఎందుకు నడుస్తున్నారు అన్న గడి అందులో లేదు. ఎక్కువ అడుగులేసిన వాడికి శాలువా కప్పాం, కప్పు ఇచ్చాం, అవే తెచ్చి మొగుడి కాళ్ళలో పోశాం అనుకుంది.

ఇంటికెళ్ళి త్రినాథరావుకి అంతా చెప్పింది. ఆయన దుప్పటికింద కదులుతున్న తన కాళ్ళవైపు చూశాడు. ఆ చూపులో మునుపటి అసహ్యం లేదు.

"హైమ," అన్నాడు ఒకసారి. ఏం కనుక్కోవడానికి రెండు నెలలు తిరిగాడో దాని పేరు ఇప్పుడు తెలిసినట్టు. "రేపు నన్ను ఆ వంతెన కిందికి తీసుకెళ్ళు వేణీ. పట్టీలు ఇంకో జత తెచ్చుకో."

"ఆయన ఒప్పుకోరండీ."

"తీసుకెళ్ళవే."

మర్నాడు ఆరున్నర దాటాక వంతెన కింద స్కూటర్ ఆపింది. గోదావరి మీద ఎండ ఎర్రబడుతోంది. మార్కండేయులు ఎప్పటిలాగే ఆటోల దగ్గరికి వచ్చాడు. స్కూటర్ దిగిన మనిషిని చూసి ఆగిపోయాడు. త్రినాథరావు నిలబడి ఉన్నాడుగాని కాళ్ళు నిలబడలేదు. ఉన్నచోటే కదులుతున్నాయి. ఒక బస్సు వెళ్ళింది. ఇద్దరి తలలూ ఒకేసారి దానివైపు తిరిగాయి. బస్సు మలుపు తిరిగేదాకా ఇద్దరూ ఒకేలా చూసి, ఒకేలా పక్కకి తిరిగారు.

మార్కండేయులు వచ్చి త్రినాథరావు చెయ్యి పట్టుకున్నాడు. "క్షమించండి బాబూ," అన్నాడు. "నేను మీకు చేసింది..."

"మీరు నన్ను లేపారండి. అది మర్చిపోను." త్రినాథరావు చెయ్యి విడిపించుకోలేదు. "ఒక్కమాట చెబుతాను ఇనండి. ఈ కాళ్ళు చేసేది మీ వెతుకులాటే కదా. మీరెక్కడ ఆగుతారో అక్కడే ఆగుతాయి, మీరు చూసే మొహమే చూత్తాయి. ఈ పూట నేను వెతుకుతానండి. అమ్మాయి ఫొటో ఇవ్వండి. నేను తిరుగుతుండగా మీరు ఇంటికెళితే, చాలని తిరిగినట్టు కాదు. మనిషి మారినట్టు. మా లైన్‌మన్లకి షిఫ్టులుండేవి. ఒకడు వచ్చాకే ఇంకొకడు ఇంటికి పోయేవాడు, ఊళ్ళో దీపం మాత్రం పోయేది కాదు."

ఆటోవాడు హారన్ కొట్టాడు. ఎవరూ పట్టించుకోలేదు.

మార్కండేయులు జేబులోంచి ఫొటో తీశాడు. నాలుగేళ్ళు చేతుల్లో నలిగి అంచులు గుడ్డలా మెత్తబడిపోయింది. త్రినాథరావు దాన్ని చూసి, చొక్కా పైజేబులో పెట్టుకుని గుండీ పెట్టుకున్నాడు. ఇక ఆయన కాళ్ళు ఆగలేదు. ఆయన బస్ స్టాండు వైపు వెళ్ళిపోయాడు.

సత్యవేణి వంగి మార్కండేయులు పిక్కలకి పట్టీలు కట్టింది. ఆయన ఇంటివైపు తిరిగాడు. తిరిగి, అలాగే నిలబడ్డాడు. ఒకటి, రెండు, అయిదు నిమిషాలు. ఎడమకాలు లేచింది, మళ్ళీ అక్కడే దిగింది. ఒకసారి వెనక్కి చూశాడు. దూరంగా త్రినాథరావు చొక్కా ఇంకా కనబడుతోంది, ఎవరో అమ్మాయి వెనకాల వేగంగా వెళుతోంది.

"వెతుకుతున్నారు," అన్నాడు తనలో తనే. అప్పుడు పడింది మొదటి అడుగు.

ఆమె నాలుగడుగుల వెనక స్కూటర్ తోసుకుంటూ నడిచింది. హ్యాండిల్‌కి తగిలించిన యంత్రం తెరమీద గీత మొదట గిలగిల కొట్టుకుంది. కోటగుమ్మం దాటాక కాస్త నెమ్మదించింది. ఆర్యాపురం మలుపు తిరిగాక ఆయన ఏడుస్తున్నాడని వెనకనుంచి భుజాలు చూస్తే తెలిసిందిగాని, గీత మాత్రం మెల్లగా కిందికి వాలుతోంది. నాలుగు వేల ఎనభై అడుగులు.

గుమ్మంలో ఒకావిడ నిలబడి ఉంది. రోజూ వినే ఆటో చప్పుడు లేకుండా మనిషి నడిచి రావడం చూసి ఆవిడ ద్వారబంధం పట్టుకుంది.

"నడిచొచ్చారేంటి?" అంది. గొంతులో జీవం లేదు. "కబురేమన్నా తెలిసిందా? నాకు చెప్పండి. ఏదైనా సరే చెప్పేయండి."

సత్యవేణి స్కూటర్ తోయడం ఆపేసింది. ఈ ఇంటికి ఆయన నడిచి రావడమంటే ఏమిటో ఆమె ఆలోచించనే లేదు. నాలుగేళ్ళుగా ఆ ఇల్లాలు ఆటో చప్పుడు విని, ఇంకా ఆశ ఉందని పడుకుంటోంది.

"ఏమీ తెలియలేదు విశాలాక్షీ," అన్నాడు మార్కండేయులు. భార్య భుజం మీద చెయ్యి వేశాడు. "ఇంకొకాయన వెతుకుతున్నాడు. అందుకని వచ్చాను. కాసిని మంచినీళ్ళియ్యి."

సోమవారం పన్నెండు మందికి పదిహేడో నంబరు పెట్టలేదు. సత్యవేణి రెండు గీతలూ పక్కపక్కన తెరమీద పెట్టి, పేర్రాజు గారిని కుర్చీలో కూర్చోబెట్టి, హాస్టల్ గేటు దగ్గర్నుంచి ఆర్యాపురం గడపదాకా చెప్పింది. ఆయన రెండు గీతలూ మళ్ళీ మొదట్నుంచి చూశారు. తరవాత ఫారంలో ఒక గడి చేర్చమన్నారు. త్రినాథరావుని పిలిచి, "పాతవి పట్టీలోంచి చెరిపేద్దాం, కాళ్ళు మెల్లగా కొత్తవాటికి అలవాటుపడతాయి. ఈ ఇంటికి నడిచిన అడుగులే ఉంచుదాం. అవి నెమ్మదిగా ఉన్నాయి, మీ గుండెకి మంచిది," అన్నారు.

"వద్దండి. మాటిచ్చాను," అన్నాడు త్రినాథరావు.

"ఎవరికండీ మాట? ముందు మీ ప్రాణం కదా," అని సత్యవేణి విరుచుకుపడింది.

"రోజు విడిచి రోజేనే. ఒకరోజు ఆయన, ఒకరోజు నేను." ఆమె మొహం చూసి గొంతు తగ్గించాడు. "నువ్వు నాకోసం రెండు నెలలు స్కూటరేసుకుని తిరిగావు. ఎవరన్నా ఇక చాలంటే ఊరుకునేదానివా?"

సత్యవేణి తీగలు అందుకుంది. రెండు నడకలూ పట్టీలోకి ఎక్కించింది. ఇంటిదారి పాఠం నాలుగు రోజులు కాళ్ళకి వినిపించింది. నేర్చుకున్నాయో లేదో, నేర్చుకున్నా ఎప్పుడు తిరగాలో వాటికి తెలుస్తుందో లేదో, అది మాత్రం యంత్రం చెప్పలేదని పేర్రాజు గారే ఒప్పుకున్నారు.

అయిదో రోజు సాయంత్రం కాళ్ళు లేచాయి. ఈసారి చెప్పులు ముందే తొడిగి ఉంచింది. పైజేబులో ఫొటో ఉందో లేదో తనే తడిమి చూసింది. వెళ్ళొస్తానని ఆయన చెప్పలేదు, ఆమె చెప్పనివ్వలేదు. గేటు దగ్గర ముక్కాలిపీట వేసుకుని ఫోను పట్టుకుని కూర్చుంది.

తెరమీద ఇప్పుడు రెండు వరసలున్నాయి. వెళ్ళిన అడుగులు, తిరిగిన అడుగులు. మొదటి వరస మూడువేలు, ఆరువేలు, ఎనిమిది వేలు దాటింది. రెండోదాంట్లో సున్నా. ఏడయింది. పక్కింటావిడ పలకరిస్తే వినబడలేదు. తొమ్మిదివేల నాలుగువందల పన్నెండు దగ్గర మొదటి వరస ఆగిపోయింది. రెండోది కదలలేదు. బస్ స్టాండు దగ్గర చుక్క అలాగే నిలబడి ఉంది. బస్సు వచ్చిందేమో, దిగేవాళ్ళు దిగుతున్నారేమో. పడిపోయాడేమో. మళ్ళీ కాలరు పట్టుకున్నారేమో. స్కూటర్ తాళంచెవి ఆమె పిడికిట్లో చెమటకి తడిసిపోయింది. లేచి నిలబడింది. వెళితే ఆయన్ని నమ్మనట్టు, వెళ్ళకపోతే వదిలేసినట్టు. ఆ గడపలో విశాలాక్షి నాలుగేళ్ళు ఎలా నిలబడిందో అప్పుడు అర్థమైంది.

సున్నా ఒకటైంది.

ఒకటి దగ్గరే చాలాసేపు ఉంది. తరవాత రెండు. మూడు. ఆరు. పదిహేను.

మూడువందలు దాటేదాకా గేటు పట్టుకుని చూసి, తాళంచెవి మేకుకి తగిలించి, లోపలికెళ్ళి అన్నానికి ఎసరు పెట్టింది.